కాటా చెప్పిన బరువు, కంప్యూటర్ రాసిన బరువు

(నెల్లూరులో కంప్యూటర్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినిపిస్తోందా? ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఫోన్లు లోపల పెట్టమని అననులెండి, ఇవాళ వాటితో పని ఉంది. ఫోన్‌లో పైథాన్ యాప్ ఉన్నవాళ్లు తెరిచి పెట్టుకోండి. నేను చెప్పానని ఏదీ నమ్మొద్దు. అక్కడికక్కడ వేసి చూడండి.

ఒక ప్రశ్న. కొటేషన్ గుర్తుల మధ్య 412.60 అని రాశాం. అంటే అది స్ట్రింగ్, అక్షరాల వరస. దాన్ని ఇంటీజర్‌గా, అంటే పూర్ణాంకంగా మార్చమని పైథాన్ భాషలో ఇంట్ అనే ఫంక్షన్‌కి ఇచ్చాం. ఎంత వస్తుంది? 412 అనేవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. 413? ముగ్గురు. సరే, ఇప్పుడు వేయండి. ఏమొచ్చింది? వాల్యూఎర్రర్. 412 రాలేదు, 413 రాలేదు. ఇది పూర్ణాంకం రూపంలో లేదు, నేను మార్చలేను అని చెప్పి ఆగిపోయింది.

అదే స్ట్రింగ్ జావాస్క్రిప్ట్‌లో పార్స్‌ఇంట్‌కి ఇవ్వండి. 412 చేతికిస్తుంది, కిక్కురుమనదు. జావాలో పార్స్‌ఇంట్‌కి ఇస్తే నంబర్‌ఫార్మాట్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్ వస్తుంది. పాత సీ భాషలో ఏటీఓఐ అనే ఫంక్షన్ ఉంది, దానికిస్తే మళ్లీ 412. చూశారా? స్ట్రింగ్ ఒకటే. రెండు భాషలు ఆగాయి, రెండు భాషలు దశాంశం దగ్గర కోసేసి నడిచిపోయాయి. ఏది మంచి ప్రవర్తన? నా మాట ముందే చెప్పేస్తాను. ఆగినవే మనకు మేలు చేశాయి. ఎందుకంటే నడిచిపోయిన రెండు చోట్లా 60 పోయింది, పోయిందని చెప్పినవాళ్లు లేరు.

60 పోతే ఏమవుతుంది? ఇది నెల్లూరు కాబట్టి రొయ్యల కాటా దగ్గరికే పోదాం. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు కదా మీలో? పట్టుబడి రోజు ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. తెల్లవారుజామునే గుంట మీద జనం, ఐసు, వలలు, లారీ. రొయ్యల్ని ట్రేలలోకి ఎత్తి ఒక్కో ట్రే కాటా మీద పెడతారు. ఒక్కో ట్రే బరువు విడిగా రాస్తారు. ఈ విడిగా రాయడమే మనకు ముఖ్యం. ఇప్పటి కాటాలు ఎలక్ట్రానిక్‌వి. దాని వెనకనుంచి కేబుల్ వేసి కంప్యూటర్‌కి కలిపితే బరువును పంపిస్తుంది. ఏ రూపంలో పంపిస్తుంది? అక్షరాలుగా. ముందు ప్లస్ గుర్తు, తర్వాత కొన్ని సున్నాలు, అంకెలు, చుక్క, రెండంకెలు, చివర కేజీ అనే రెండక్షరాలు, ఆ పైన కంటికి కనబడని లైను మార్పు గుర్తు. కాటా అంకెను పంపదు, అంకెలా కనబడే అక్షరాల వరసను పంపుతుంది. అక్కడినుంచి దాన్ని అంకెగా చేసేది మీరు.

ఇప్పుడు ఒక ప్రోగ్రామర్ ఉన్నాడనుకుందాం. చివరి కేజీ తీసేసి ఇంట్ వాడాడు, ఎర్రర్ వచ్చింది. నెట్‌లో వెతికితే ముందు ఫ్లోట్, అంటే దశాంశ సంఖ్య చెయ్, తర్వాత ఇంట్ చెయ్ అని జవాబు దొరికింది. వేశాడు, ఎర్రర్ పోయింది. సంతోషం. ట్రే 28.60 తూగితే 28 పడింది. 31.95 తూగితే 31 పడింది. ఒక్కో ట్రేకి సగటున అరకిలో లెక్కన పోతూ ఉంది. 40 ట్రేలు వేస్తే 20 కిలోలు. లెక్క తేలిక కోసం కిలో 300 రూపాయలు అనుకోండి. ఒక్క పట్టుబడికి 6,000 రూపాయలు. ఆ డబ్బు ఎవరూ దొంగిలించలేదు. కానీ రైతు ఎవరిని అనుమానిస్తాడు? కాటా దగ్గర నిలబడ్డ మనిషిని. కాటాలో మోసం ఉందంటాడు. కాటా సరిగ్గానే చెప్పింది. కాటా వేసిన మనిషి ట్రే సరిగ్గానే పెట్టాడు. ఎండలో నిలబడి మాటలు పడేది అతను, తప్పు ఉన్నది ఎక్కడో ఏసీ గదిలో రాసిన ఒక లైనులో.

ఇంకొకటి చూడండి. రొయ్యకు కౌంట్ ఉంటుంది కదా. కిలోకి ఎన్ని తూగితే అంత కౌంట్. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. శాంపిల్ తీసి లెక్కేస్తే 50.7 వచ్చిందనుకోండి. అదే ఫంక్షన్ దాన్ని 50 చేసింది. ఈసారి లాభం ఎవరికి? రైతుకి. నష్టం కొన్నవాడికి. బరువు దగ్గర ఒకరికి కోత పెట్టి, కౌంట్ దగ్గర ఇంకొకరికి కోత పెట్టింది ఆ ఒక్క లైను. 50.7ను 50గా తీసుకోవాలా, 51గా తీసుకోవాలా అన్నది అమ్మేవాడూ కొనేవాడూ మాట్లాడుకుని తేల్చుకోవాల్సిన విషయం. ప్రోగ్రామర్ వాళ్లని అడగాలి. అడక్కుండా ఇంట్ అని రాస్తే వాళ్ల బేరం మీరు కుదిర్చినట్టు. ఆ హక్కు మనకు ఎవరిచ్చారు?

ఇది చిన్న ఊళ్లో జరిగే విషయం అనుకోకండి. కెనడాలో వాంకోవర్ స్టాక్ ఎక్స్చేంజ్ 1982లో ఒక సూచీ మొదలుపెట్టింది, 1000 పాయింట్లతో. లావాదేవీ జరిగిన ప్రతిసారీ సూచీని మళ్లీ లెక్కగట్టి మూడు దశాంశ స్థానాలకు కుదించేవాళ్లు. ఎలా? దగ్గరి అంకెకు సవరించకుండా, నాలుగో స్థానం నుంచి కోసేసి. ప్రతిసారీ పోయేది పాయింటులో వెయ్యో వంతు కన్నా తక్కువ. అయినా రోజుకు వేలసార్లు. 1983 నవంబరు నాటికి సూచీ 520 దగ్గర పడి ఉంది. మార్కెట్ బాగానే ఉంది, సూచీ మాత్రం సగం. సరిచేసి మళ్లీ లెక్కగడితే ఎంత వచ్చిందో తెలుసా? 1098.892. దాదాపు రెండేళ్లు రోజూ జనం ఆ అంకె చూశారు. ఎర్రర్ మెసేజ్ ఒక్కటీ రాలేదు. ఎలా వస్తుంది? కోసెయ్యమని చెప్పారు, కోసేసింది.

సరే, కిలోలు వదిలేసి గ్రాముల్లో పెట్టుకుందాం, రూపాయలు వదిలేసి పైసల్లో పెట్టుకుందాం, అప్పుడు అన్నీ పూర్ణాంకాలే కదా అంటారు మీరు. మంచి ఆలోచనే. నేనూ అదే చెబుతాను. కానీ ఆ వందతో గుణించడం ఎక్కడ చేస్తున్నారు? ఫోన్లో వేయండి. 0.29 ఇంటూ 100. ఎవరికైనా 29 వచ్చిందా? రాదు. 28.999999999999996 వస్తుంది. దాన్ని ఇంట్‌కి ఇవ్వండి. 28. ఒక పైసా పోయింది. 19.99 ఇంటూ 100 వేయండి. 1998.9999999999998. ఇంట్ చేస్తే 1998. మళ్లీ పైసా పోయింది. 4.35 కూడా వేసి చూసుకోండి తర్వాత.

ఫోన్ పాడవలేదు. పైథాన్‌దీ తప్పు కాదు. జావాస్క్రిప్ట్, జావా, సీ, ఎక్కడ వేసినా ఇదే. ఎందుకంటే ఫ్లోట్‌ను అన్నిచోట్లా 1985లో వచ్చిన ఐఈఈఈ 754 అనే ఒకే పద్ధతిలో దాస్తారు, రెండు ఆధారంగా. మూడో వంతుని దశాంశాల్లో రాయమంటే 0.333 అని రాస్తూ పోతాం, ఎక్కడా పూర్తికాదు. అట్లాగే 0.29 ని రెండు ఆధారంగా రాయమంటే పూర్తికాదు, ఎక్కడో ఒకచోట ఆపాలి. రూపాయిలో 00 నుంచి 99 దాకా నూరు రకాల పైసలున్నాయి కదా. వాటిలో ఫ్లోట్‌లో తేడా లేకుండా పట్టేవి ఎన్ని? నాలుగు. సున్నా, పావలా, అర్ధరూపాయి, ముప్పావలా. మిగతా 96 ఉజ్జాయింపులే. ఇది చాలామందికి చదువు పూర్తయ్యేదాకా ఎవరూ చెప్పరు, అందుకే ఇంతసేపు చెబుతున్నాను.

మరి ఏం వాడాలి? పైథాన్‌లో డెసిమల్ అనే మాడ్యూల్ ఉంది. జావాలో బిగ్‌డెసిమల్ ఉంది. చివరి కేజీ తీసేసి స్ట్రింగ్‌ను నేరుగా దానికివ్వండి. నేరుగా అంటున్నాను, గమనించండి. మధ్యలో ఫ్లోట్ చేసి తర్వాత డెసిమల్‌కి ఇస్తే పోయిన పైసా పోయినట్టే, తిరిగి రాదు. స్ట్రింగ్ నుంచి డెసిమల్, దాన్ని వెయ్యితో గుణిస్తే గ్రాములు. ఇంకా శేషం మిగిలిందా అని చూడండి. మిగలకపోతే ఇంటీజర్ చేయండి. మిగిలితే అక్కడ ఆగి, ముందు మాట్లాడుకున్న నియమం ప్రకారం సవరించండి. ఆ నియమాన్ని కోడ్‌లో పేరుతో సహా రాయండి. పైథాన్‌లో ఉత్త రౌండ్ వాడితే 2.5 ఎంతవుతుందో వేసి చూడండి. 2 అవుతుంది. 3.5 అయితే 4. సరిగ్గా సగం వచ్చినప్పుడు సరిసంఖ్య వైపు జరుపుతుంది. మన స్కూల్లో అర ఉంటే పైకి అని నేర్పారు. అదే కావాలంటే డెసిమల్‌లో రౌండ్ హాఫ్ అప్ అని స్పష్టంగా అడగాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దాక్కున్న ఎర్రర్లు. ఎర్రర్లు వాటంతట అవి దాక్కోవు. మనమే దాస్తాం. ఎట్లా దాస్తాం? ట్రై, అంటే ప్రయత్నించు అని రాస్తాం, లోపల ఇంట్, కింద ఎక్సెప్ట్, అంటే తప్పు వస్తే అని, దాని కింద బరువు ఈజ్ ఈక్వల్ టు సున్నా. లేకపోతే ఉత్త పాస్, అంటే ఏమీ చేయకు అని. ఎంతమంది రాశారు మీలో? ఫర్వాలేదు, చెప్పండి. దాదాపు అందరూ. ఎందుకు రాశారు? రేపు డెమో ఉంది, స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు రాకూడదు, సార్ ఏమంటారో అని టెన్షన్. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ ఆ సున్నా ఏం చెబుతోందో ఆలోచించండి. ఈ ట్రేలో రొయ్యలు లేవు, బరువు సున్నా అని చెబుతోంది. నిజానికి జరిగిందేమిటి? కాటా పంపింది నాకు చదవరాలేదు. ఈ రెండూ ఒకటేనా? తెలియకపోవడం వేరు, లేకపోవడం వేరు. తెలియనిదాన్ని లేదని రాయడం అబద్ధం. ప్రోగ్రామ్ చేత అబద్ధం చెప్పిస్తున్నాం మనం.

ఇది కొత్త తరం తెచ్చిన అలవాటేమీ కాదు. ఇందాక చెప్పిన ఏటీఓఐకి అంకె ఇవ్వకుండా మీ పేరు ఇవ్వండి. సున్నా ఇస్తుంది. సున్నా ఇచ్చినా సున్నా ఇస్తుంది. ఏది ఏదో కనుక్కునే దారి లేదు. అందుకే సీలో రాసేవాళ్లు ఎస్‌టీఆర్‌టీఓఎల్ వాడాలి, అది ఏ అక్షరం దగ్గర ఆగిందో చెబుతుంది. పాత విజువల్ బేసిక్‌లో ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ అని ఒక వాక్యం ఉండేది. తప్పు వస్తే పట్టించుకోకుండా తర్వాతి లైనుకి పో అని. జావాస్క్రిప్ట్‌లో ఖాళీ స్ట్రింగ్‌ను నంబర్ అనే ఫంక్షన్‌కి ఇస్తే సున్నా. మన పద్ధతిలో కామాలు పెట్టి 1,25,000 అని రాసి పార్స్‌ఇంట్‌కి ఇస్తే ఎంతొస్తుందో తెలుసా? ఒకటి. లక్షా పాతిక వేలు కాస్తా ఒక్క రూపాయి.

డేటా సైన్స్ చదివేవాళ్లు కొంచెం ఇటు వినండి. పట్టికలు చదివే పైథాన్ లైబ్రరీ పాండాస్ వాడతారు కదా. అడ్మిషన్ నంబర్ల కాలమ్ చదివారు, అన్నీ పూర్ణాంకాలే. ఒక్క గడి ఖాళీగా ఉంది. ఏమవుతుంది? మామూలుగా చదివితే కాలమ్ మొత్తం ఫ్లోట్ అయిపోతుంది. దాన్ని ఫైల్‌లో రాస్తే 1047 కాస్తా 1047.0 అవుతుంది. ఇంకో ప్రోగ్రామ్ ఆ ఫైల్ చదివి ఇంట్ అంటే వాల్యూఎర్రర్. డెసిమల్ చుక్క ఎక్కడినుంచి వచ్చిందని తలపట్టుకుంటారు. వచ్చింది ఆ ఖాళీ గడి నుంచి! అక్కడ ఎర్రర్ మీకు ఉపకారం చేస్తోంది, వెనక్కి పోయి చూడమంటోంది. మీరేం చేస్తారు? కాలమ్‌ను అంకెలుగా మార్చే టు న్యూమరిక్‌లో ఎర్రర్స్ దగ్గర కోయర్స్ అని పెడతారు. చదవరానివన్నీ నాన్, అంటే అంకె కాదు అనే గుర్తు, అయిపోతాయి. తర్వాత మొత్తం కూడితే ఆ నాన్‌లను వదిలేసి మిగతావి కూడుతుంది. కూడిక చక్కగా వస్తుంది, తక్కువగా వస్తుంది. కోయర్స్ వాడొద్దని అనను. వాడిన వెంటనే ఎన్ని నాన్‌లు పుట్టాయో లెక్కపెట్టి ప్రింట్ చేయండి, అవి ఏ వరసలో చూడండి. ఒక్క లైను పని.

అయితే ఒక అబ్బాయి అప్పట్నుంచి చెయ్యెత్తుతున్నాడు. అడుగు నాయనా. ఆగిపోవడమే మంచిదంటున్నారు, మరి గాల్లో ఉన్న విమానంలో ప్రోగ్రామ్ ఆగిపోతే ఎట్లా అని అడుగుతున్నాడు. చాలా మంచి ప్రశ్న. మన పక్కనే శ్రీహరికోట ఉంది కాబట్టి రాకెట్‌తోనే జవాబు చెబుతాను, అయితే అది మన రాకెట్ కాదు. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి యూరప్‌వాళ్లు ఏరియాన్ 5ను మొదటిసారి ఎగరేశారు. నిమిషం కూడా నిండకముందే గాల్లో ముక్కలైంది. ఏం జరిగింది? లోపల 64 బిట్ల ఫ్లోట్ ఒకటి ఉంది, రాకెట్ అడ్డంగా పోయే వేగానికి సంబంధించినది. దాన్ని 16 బిట్ల ఇంటీజర్‌గా మార్చే లైను ఉంది. 16 బిట్లలో పట్టే పెద్ద అంకె 32767. ఆ లైను ఏరియాన్ 4 నుంచి తెచ్చింది. అందులో వేగం ఆ హద్దు దాటే అవకాశం లేదు. ఏరియాన్ 5 దాటేసింది. మార్పిడి కుదరలేదు, ఎర్రర్ వచ్చింది, దిశ చూసుకునే ఆ కంప్యూటర్ ఆగిపోయింది. దానికి తోడు ఉన్న రెండో కంప్యూటర్లోనూ అదే కోడ్, అది అంతకుముందే ఆగిపోయింది.

ఇక్కడిదాకా చాలామంది చెబుతారు. నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాతిది. ఆగిపోతూ ఆ కంప్యూటర్ తన తప్పు వివరాన్ని బయటికి పంపింది. రాకెట్‌ను నడిపే ప్రధాన కంప్యూటర్ దాన్ని ఏమని చదివింది? రాకెట్ ఏ దిశలో ఉందో చెప్పే అంకెలని చదివింది! ఎర్రర్‌ను కొలతగా చదివింది. లేని వంపును సరిచేయబోయి రాకెట్‌ను పక్కకు తిప్పింది. గాలి ఒత్తిడికి అది విరిగిపోవడం మొదలైంది, తనను తాను పేల్చేసుకుంది. మన రొయ్యల ప్రోగ్రామ్‌లో సున్నా రాయడానికీ దీనికీ తేడా ఏముంది? రెండు చోట్లా నాకు తెలియదు అనే మాట ఒక అంకె వేషంలో అవతలికి పోయింది.

కాబట్టి బాబూ, నీ ప్రశ్నకు జవాబు. ఆగాలా, నడవాలా అన్నది పనిని బట్టి ఉంటుంది. రాకెట్ నడవాలి. కాటా ఆగి, ఈ ట్రే మళ్లీ పెట్టండి అని అడగొచ్చు, అరనిమిషం పని. కానీ ఆగినా నడిచినా తెలియని దాన్ని తెలిసిన అంకెగా అందించకూడదు. తీసుకునేవాడికి ఇది కొలత, ఇది ఎర్రర్ అని విడిగా తెలియాలి.

అందుకే ఫంక్షన్ రాసేటప్పుడు మూడు దారులు విడివిడిగా పెట్టుకోండి. ఒకటి, 412 లేదా 412.00 వచ్చింది, ఇంటీజర్ ఇచ్చెయ్. రెండు, 412.60 వచ్చింది, అంకే కానీ మిగులు ఉంది, నియమం చూడు. మూడు, అంకె కాదు, ఎర్రర్ పైకి పంపు, వచ్చిన స్ట్రింగ్‌ను ఉన్నదున్నట్టు కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి మరీ పంపు. ఎందుకంటే చివర ఉన్న ఖాళీ, సున్నా బదులు పడ్డ ఇంగ్లీషు ఓ అక్షరం, ఇవి అప్పుడే కనబడతాయి.

ఉత్త ఎక్సెప్ట్ రాయకండి, పట్టాల్సిన ఎర్రర్ పేరు రాయండి. పేరు కూడా తెలుసుకుని రాయండి. ఇన్ఫ్, అంటే అనంతం, అనే స్ట్రింగ్‌ను ఫ్లోట్ అంగీకరిస్తుంది, దాన్ని ఇంట్ చేయబోతే ఓవర్‌ఫ్లోఎర్రర్ వస్తుంది, వాల్యూఎర్రర్ రాదు. డెసిమల్‌కి చెత్త ఇస్తే ఇన్‌వాలిడ్ ఆపరేషన్ వస్తుంది. అది కూడా వాల్యూఎర్రర్ కుటుంబం కాదు. అన్నీ అంకెలేనా అని చెప్పే ఈజ్‌డిజిట్‌తో ముందే చూసుకుంటాం అంటారు కొందరు. మైనస్ 5 ఇవ్వండి, ఫాల్స్ అంటుంది. పైన చిన్నగా రాసే వర్గం గుర్తు రెండు ఇవ్వండి, ట్రూ అంటుంది, తర్వాత ఇంట్ దగ్గర పడిపోతుంది. మార్చి చూడటమే నమ్మకమైన పరీక్ష.

ఇంకొకటి, ఇది మీకు నచ్చుతుంది. పైథాన్‌లో ఇంట్‌కి మన తెలుగు అంకెలు ఇవ్వండి, ౪౧౨. ఇవ్వండి, ఇవ్వండి. వచ్చిందా? 412. జావా కూడా తీసుకుంటుంది. జావాస్క్రిప్ట్ పార్స్‌ఇంట్ మాత్రం నాన్ అంటుంది. పాత రికార్డుల పని ఎప్పుడైనా చేస్తే పనికొస్తుంది.

చివరి ప్రశ్న తీసుకుందాం. అమ్మాయి అడుగుతోంది, ఉద్యోగంలో చేరాక పాత కోడ్ నిండా ఎక్సెప్ట్ పాస్‌లే ఉంటే ఏం చేయాలని. అన్నీ ఒకేరోజు పీకేయకు తల్లీ. నడుస్తున్న కొనుగోలు కేంద్రం ఆగిపోతుంది, అక్కడ లారీలో ఐసు కరిగిపోతూ ఉంటుంది. ముందు ప్రతి పాస్ ఉన్నచోటా ఒక లాగ్ లైను, అంటే ఏం జరిగిందో ఫైల్‌లో రాసే లైను పెట్టు. వచ్చిన స్ట్రింగ్, తేదీ, ఏ కాటా, ఇంతే. కొన్నాళ్లు నడవనివ్వు. తర్వాత ఆ లాగ్ తీసి చదువు. ఖాళీలు, కామాలు, చివర కేజీ, వెనక చుక్క సున్నా, సగంలో తెగిన లైన్లు, నాలుగైదు రకాలకు మించి ఉండవు మామూలుగా. ఒక్కో రకానికి ఏం చేయాలో కాటా దగ్గర మనుషుల్ని అడిగి రాయి. అప్పుడు ఎక్సెప్ట్‌ను ఆ ఎర్రర్‌కే కుదించు. ఇప్పటికే డేటాబేస్‌లో పడిపోయిన సున్నాలుంటాయి కదా, వాటిలో ఏది నిజం సున్నానో కోడ్ చూసి చెప్పలేవు. చేత్తో రాసిన స్లిప్పులు ఉంటే తెప్పించి సరిపోల్చు. స్లిప్పు లేని వరసల్లో సున్నా తీసేసి ఖాళీ పెట్టు, పక్కన ఒక కాలమ్ పెట్టి బరువు తెలియదు అని రాయి. ఇకమీదట కాటా పంపిన స్ట్రింగ్‌ను మార్చకుండా ఒక కాలమ్‌లో అట్లాగే దాచు, రేపు నియమం మారినా మళ్లీ లెక్క వేసుకోవచ్చు.